మామకు నెలలు నిండాయి

ఒమాన్‌లో గోను తుపాను వచ్చిపోయిన మరుసటి ఏడాది నేను మస్కట్‌లో కాపురానికి దిగాను. మా ఆయన ఒక కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. దార్సైట్‌లో రెండు గదుల ఫ్లాటు. ఆయన పొద్దున ఏడింటికి డ్యూటీకి వెళ్తే సాయంత్రం ఆరుకు గానీ వచ్చేవారు కాదు. ఈలోగా నాకున్న పని వంటింటి కిటికీలోంచి ఎదురుగా ఉన్న కొండను చూడటం. ఒక్క చెట్టయినా లేని కొండ. దాన్ని ఎంతకాలమని చూస్తాం? మూడు నెలలు చూసి, విసిగి, దూరవిద్యలో సోషల్ వర్క్ ఎమ్మేకు డబ్బు కట్టాను. బడిలో సోషల్‌లో నాకు మంచి మార్కులు వచ్చేవి. ఇదీ అలాంటిదే అనుకున్నాను. కాదని మొదటి క్లాసులోనే తెలిసింది గానీ అప్పటికే పుస్తకాలు వచ్చేశాయి.

గురువారం గురువారం రూవీలో ఒక మేడ మీది గదిలో క్లాసు. ఐదుగురం విద్యార్థులం. మా ఫీల్డ్‌వర్క్ చూసే సూపర్‌వైజర్ ఒక మలయాళీ ఆవిడ. అరవై దాటి ఉంటాయి. నేత చీర, పొట్టి జుట్టు, గొలుసుకు వేలాడే కళ్ళజోడు. మనిషి చాలా మంచిది. మాటల దగ్గర మాత్రం ఆవిడంత కఠినురాలిని నేను చూడలేదు. పనిమనిషి అనకూడదు, గృహ శ్రామికురాలు అనాలి. చదువురానివాళ్ళు అనకూడదు. బాధితురాలు అనకూడదు. "వీళ్ళు" అని అసలే అనకూడదు, అలా అంటే మనం వేరే జాతి అయినట్టు. ఎవరినైనా వాళ్ళు కోరుకున్నట్టే పిలవాలి. వాళ్ళ మాటలను మనం దిద్దకూడదు. ఆవిడ ఇంగ్లీషులో చెప్పినవన్నీ నేను ఇంటికొచ్చి నిఘంటువు పక్కన పెట్టుకుని తెలుగులోకి దింపుకునేదాన్ని.

ఇంకో నియమం కూడా పెట్టింది. తనను మేడమ్ అనవద్దు, పేరు పెట్టి పిలవమంది. చదువుకునేచోట అందరం సమానమట. మా అమ్మకన్నా పెద్దావిడను పేరు పెట్టి ఎలా పిలిచేది? నోరు రాలేదు. మేడమ్ అంటే ఆవిడకు కోపం. అందుకని ఆ రెండేళ్ళూ ఆవిడను ఏమీ అనకుండా గడిపాను. రోడ్డు మీద ముందు నడుస్తూ కనిపిస్తే వెనకనుంచి పిలిచే దారి లేక పరిగెత్తుకెళ్ళి, ఆవిడను దాటి, ఎదురుగా నిలబడేదాన్ని. నాకు నడకంటే ఇష్టమని ఆవిడ అనుకునేది.

ఫీల్డ్‌వర్క్‌కు మనుషులు కావాలి. శుక్రవారం గుడిలో ప్రసాదం వరసలో నా ముందున్నావిడ తెలుగులో విసుక్కోవడం విని పలకరించాను. ఆవిడది గోదావరి జిల్లా. ఒక డాక్టరు గారింట్లో వంటా, పిల్లల పనీ చూస్తుంది. మనుషులతోనే కాదు, పిల్లితో మాట్లాడినా చివర అండి పెడుతుంది. ఆవిడ స్నేహితురాలు కడప జిల్లా ఆవిడ, ఒక ఒమానీ ఇంట్లో పని. శుక్రవారం పొద్దున ఆ ఇంటివాళ్ళు బంధువులింటికి వెళ్తూ ఈమెను గుడి దగ్గర దింపి, మధ్యాహ్నం మళ్ళీ ఎక్కించుకుని పోతారు. ఆ రెండు మూడు గంటలు మా ఇంట్లో కూర్చోమని ఇద్దరినీ అడిగాను. టీ ఇస్తానన్నాను. వచ్చారు.

కుర్చీలు గుండ్రంగా వేశాను. పుస్తకంలో అలా వేయమని ఉంది. ముగ్గురం గుండ్రంగా కూర్చోవడం కుదరక మూడు మూలలా కూర్చున్నాం.

"మీరు ఎక్కడ పని చేస్తున్నారు?" అని కడప ఆవిడను అడిగాను.

ఆమె వెనక్కి తిరిగి చూసింది. గోడ తప్ప ఏమీ లేదు.

"నన్నేనా కా? మీరు మీరు అంటాంటే నా యెనకాల ఇంకెవురన్నా ఉండారేమో అనుకొంటి."

నేను ఆమెకంటే పదేళ్ళు చిన్నదాన్ని. అయినా మొదటి రోజు నుంచీ అక్కా అనే అంది, దాన్నే కురచగా కా. మా వైపు ఎవరినైనా అట్లే అంటాం అంది. సరే, ఇక నా ఉపన్యాసం మొదలుపెట్టాను. ఇకమీదట మిమ్మల్ని ఎవరూ పనిమనిషి అనకూడదనీ, మీరు గృహ శ్రామికులనీ చెప్పాను.

గోదావరి ఆవిడ టీ కప్పు కింద పెట్టింది. "అంటే ప్రమోషనా అండి?"

"కాదు. పని అదే. గౌరవంగా పిలవడం."

"ఓహో. పని అదేనన్నమాట అండి," అని మళ్ళీ కప్పు తీసుకుంది.

కడప ఆవిడకు వేరే అనుమానం వచ్చింది. "నా వీసా మీద కద్దామా అని ఉండాది కా. ఇంటిపనికి వచ్చినోళ్ళను ఈడ అట్లే రాస్తారు. నువ్వు ఇంకోటి పెడితే రేపు ఎయిర్‌పోర్ట్‌లో పట్టుకోరా?"

పట్టుకోరని హామీ ఇచ్చాను. ఆమెకు పూర్తిగా నమ్మకం కుదిరినట్టు లేదు. ఆ తర్వాత తన ఇంటి సంగతులు చెప్పడం మొదలుపెట్టింది.

"మా మామకు నెలలు నిండినాయి కా. కాళ్ళు ఇంతింత వాచినాయి. రేపో మాపో ఆస్పత్రికి పోవాల. బాబా ఉండాడు గానీ ఏం లాభం, ఆయప్ప బండేసుకుని పొద్దున పోతే రాత్రికి వస్తాడు."

నేను ఆమె ముఖంలోకి చూశాను. చాలా మామూలుగా చెబుతోంది. మామకు నెలలు నిండటం ఏమిటని అడగబోయాను. కానీ మొదటి సమావేశంలో కుటుంబం గురించి గుచ్చిగుచ్చి అడగకూడదు, మాటలు దిద్దకూడదు అని రూలు. ఆశ్చర్యం ముఖంలో కనపడనివ్వకూడదని కూడా ఉంది. అందుకని తల ఊపాను. గోదావరి ఆవిడ కూడా తల ఊపింది. నేను తెలిసే ఊపుతున్నాననుకుందని తర్వాత చెప్పింది.

ఆ సాయంత్రం రిపోర్టు రాశాను. మాట్లాడింది మాట్లాడినట్టు ఇంగ్లీషులో పెట్టాలి. "ఆమెకు ఒక మేనమామ ఉన్నారు. మేనమామ నిండు గర్భంతో ఉన్నారు. కాళ్ళకు వాపు. ఇంట్లో ఒక బాబా కూడా ఉన్నారు. ఆయన రోజంతా వాహనంలో సంచరిస్తారు." అదేం వాహనమని ఆమె బయల్దేరేముందు అడిగి తెలుసుకున్నాను కాబట్టి బ్రాకెట్లో లాండ్ క్రూయిజర్ అని కూడా రాశాను.

మా ఆయన అన్నం తింటూ చదివారు.

"మేనమామకు గర్భమేమిటే?"

"నాకేం తెలుసు. ఆవిడ అలాగే చెప్పింది."

"అత్త అనబోయి మామ అందేమో."

"ఆవిడ ఏమన్నదో అదే రాయాలి. మనకు అర్థమయ్యేలా మార్చుకోకూడదు. అది మన అహంకారమట."

ఆయన పెరుగు కలుపుకున్నారు.

మరుసటి గురువారం సూపర్‌వైజర్ నా రిపోర్టును క్లాసులో పైకి చదివింది.  ఎక్కడ తిడుతుందోనని బల్ల కేసి చూస్తూ కూర్చున్నాను. చదవడం ముగించి, కళ్ళజోడు దించి, మిగతా నలుగురి వైపు తిరిగింది.

"చూశారా," అంది. "ఇది వినడం అంటే. మీలో ఎంతమంది ఇక్కడ ఆగి, మగవాడికి గర్భమా అని నవ్వేవారు? ఈమె నవ్వలేదు. తన ఊహలను ఆ కుటుంబం మీద రుద్దలేదు. మనకు తెలియనంత మాత్రాన లోకంలో లేనట్టు కాదు. ఆ ఆధ్యాత్మిక పెద్దాయన గురించి కూడా ఎంత హుందాగా రాసిందో చూడండి."

నలుగురూ నా వైపు గౌరవంగా చూశారు. రిపోర్టు మార్జిన్‌లో ఆవిడ ఎర్ర సిరాతో "చాలా బాగుంది" అని రాసింది. నేను కూడా కొంత నమ్మాను. మనిషికి పొగడ్త వచ్చాక అనుమానం తగ్గుతుంది.

రెండు శుక్రవారాల తర్వాత కడప ఆవిడ ఒక డబ్బా హల్వా పట్టుకుని వచ్చింది. ఒమానీ హల్వా, నేతిలో మిలమిలలాడుతూ.

"మామకు మొగపిల్లోడు కా. నిన్న ఇంటికి తెచ్చినారు. పాలు బాగా పడినాయి."

ఇక నా వల్ల కాలేదు. రూల్స్ అన్నీ పక్కన పెట్టి అడిగేశాను. "ఎవరికి పాలు పడ్డాయి?"

"మామకు."

"మీ మామగారికా?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గోదావరి ఆవిడకే ముందు వెలిగింది. ఆమె పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, మీరు అలాగనుకున్నారాండి? మామా అంటే వాళ్ళ మేడమండి. అరబ్బీలో అమ్మని అలాగంటారండి. ఇంటి సారుని బాబా అంటారండి. ఇక్కడ పనిచేసేవాళ్ళందరం అలాగే అంటామండి."

కడప ఆవిడ మాత్రం నవ్వలేదు. నన్ను జాలిగా చూసింది. "నువ్వు ఇన్నాళ్ళూ మా మామ కడుపుతో ఉండాడనుకొంటివా కా? అనుకొని ఊరికే తలూపుకుంటా కూర్చుంటివా?" అప్పుడు మొదలైంది ఆమె నవ్వు. హల్వా డబ్బా ఒళ్ళోంచి జారేదాకా ఆగలేదు.

సూపర్‌వైజర్‌కు చెప్పక తప్పదు. గురువారం క్లాసుకు అరగంట ముందే వెళ్ళి, ఎదురుగా నిలబడి, అంతా చెప్పాను. ఆవిడ నా రిపోర్టు తీసి ముందు పెట్టుకుంది.

"అయితే మేనమామ ఆడమనిషి."

"అవును."

"బాబా?"

"ఇంటి యజమాని. ఏదో ఆఫీసులో మేనేజరట."

"లాండ్ క్రూయిజర్?"

"అది నిజమే."

ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంది. "నేనూ అడిగి ఉండాల్సింది," అంది. ఆ ఒక్క మాటకు ఆవిడంటే నాకు జీవితాంతం గౌరవం ఏర్పడింది. తర్వాత మామూలు గొంతుతో, "ఈసారి అడగండి. వాళ్ళను ఏమని పిలవాలో వాళ్ళనే అడిగి రండి. అది మీ రెండో అసైన్‌మెంట్," అంది.

అడిగాను. గోదావరి ఆవిడ ఆలోచించకుండా చెప్పింది. "నన్ను మేడమ్ అనండి."

"మేడమా?"

"రోజుకి నలభైసార్లు నేనంటానండి. నన్నొకళ్ళంటే ఎలాగుంటాదో చూద్దామనండి."

కోరినట్టే పిలవాలి కదా. "మేడమ్, టీ తీసుకోండి," అన్నాను. ఇంకోసారి అనమంది. అన్నాను. ఆ శుక్రవారమంతా ఆమె కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది. కానీ మూడో వారానికల్లా తనే వద్దంది. "మీరు మేడమ్ అన్నప్పుడల్లా వెనకాల మా డాక్టరు గారి భార్య వచ్చారేమోనని లేచి నిలబడిపోతున్నానండి. మోకాళ్ళు నొప్పులండి."

కడప ఆవిడ వంతు వచ్చింది. నిన్నెవరు ఏమని పిలుస్తారని అడిగాను. అప్పటికి మీరు అనడం మానేశాను. ఆమే మాన్పించింది.

"ఆ ఇంట్లో నన్ను మా నాయన పేరుతో పిలుస్తారు కా."

ఆమె పాస్‌పోర్టు చేయించిన ఏజెంటు గళ్ళు తారుమారు చేశాడట. ఆమె పేరు రాయాల్సిన చోట తండ్రి పేరు పడింది. ఒమానీ ఇంటివాళ్ళు పాస్‌పోర్టులో చూసిందే పేరనుకున్నారు. తొమ్మిదేళ్ళుగా అదే పిలుపు.

"మా ఊర్లో మా నాయన్ను పేరు పెట్టి పిలిచే మొగోడు ల్యాకపోయా. అందరూ పెద్దప్పా అనేటోళ్ళు. ఈడ మూడేండ్ల పిల్లోడు పిలుస్తాడు, ముక్కు తుడవమని." చెప్పి తనే నవ్వింది.

నేను నవ్వలేదు. నాకు రక్తం ఉడికింది. తొమ్మిదేళ్ళు ఒక మనిషిని ఆమె పేరుతో ఎవరూ పిలవలేదా? ఇలాంటి అన్యాయం గురించే పుస్తకంలో ఒక అధ్యాయం ఉంది. నేను వచ్చి మీ మామాతో మాట్లాడతానన్నాను. ఆమె "ఎందుకులే కా" అంది. అది భయం వల్ల అన్న మాట అనుకున్నాను. భయపడేవాళ్ళకు ధైర్యం ఇవ్వాలని ఆ తర్వాతి అధ్యాయంలో ఉంది.

బాలింతను చూసే వంకతో మంచి చీర కట్టుకుని వెళ్ళాను. ఆ మామా నిండుగా నవ్వే మనిషి. మస్కట్‌లో చాలామందికి లాగే హిందీ బాగా వచ్చు. ఖర్జూరాలు, చిన్న గిన్నెలో కహ్వా అనే అరబ్బీ కాఫీ ఇచ్చి, పిల్లాడిని చూపించింది. నేను గొంతు సవరించుకుని సంగతి చెప్పాను. ఆమె నిజంగా సిగ్గుపడిపోయింది. "తొమ్మిదేళ్ళు నాన్న పేరుతో పిలిచామా? నువ్వెందుకు చెప్పలేదు?" అని కడప ఆవిడను అడిగింది. కడప ఆవిడ చీర కొంగు మడతపెట్టుకుంటూ నిలబడింది.

అసలు పేరు నేర్చుకోవడానికి ఇల్లంతా హాల్లో చేరింది. ఆమె పేరులో రెండు చోట్ల పకారం, ఒక చోట ళకారం ఉన్నాయి. అరబ్బీలో ఆ రెండూ లేవు. బాబా ప్రయత్నించాడు. పకారాలు రెండూ బకారాలయ్యాయి. మామా ప్రయత్నించింది. ఆమె నోట్లో ఆ పేరు గొర్రెను దొడ్లోకి తోలుతున్నట్టు వినపడింది. ముసలి అత్తగారు రెండుసార్లు అని, దగ్గు వచ్చి ఆపేసింది. మూడేళ్ళవాడు మాత్రం ప్రయత్నించనే లేదు. వాడు పాత పేరే అరిచాడు. తల్లి "అలా అనకూడదు" అని చెప్పింది. వాడు ఏడుపందుకున్నాడు. నేను విజయం సాధించిన దానిలా టాక్సీ ఎక్కి వచ్చేశాను.

మరుసటి శుక్రవారం కడప ఆవిడ టీ ముట్టలేదు.

"ఏమైంది? పేరుతో పిలవడం లేదా?"

"పిలుస్తాండారు. పొద్దస్తమానం బె బె బె అని అదే. ఎవురినో అనుకొని నేను పలకల్యా. రెండుసార్లు పాలు పొంగిపాయ."

"అలవాటవుతుంది."

ఆమె కిటికీ వైపు చూసింది. "మా నాయన పోయి పన్నెండేండ్లు కా. కడప దాటి యాడికీ పోయినోడు కాడు. పేరన్నా విమానమెక్కింది గదా అనుకుంటాంటి. దినానికి యాభై తూర్లు ఆ పేరు పిలుస్తాంటే, ఉండాడులే ఈన్నే యాడో అన్నట్టు ఉండె. ఈ వారమంతా మా నాయన్ను ఎవురూ పిలవల్యా."

గోదావరి ఆవిడ నా వైపు చూసి, చూపు తిప్పుకుంది.  ఎందుకులే కా అని ఆమె అన్నప్పుడు, ఎందుకు వద్దంటున్నావని ఒక్క ప్రశ్న వేసి ఉంటే సరిపోయేది. అడగమని నన్ను పంపించారు. నేను అడిగాను గానీ జవాబు పూర్తయ్యేదాకా కూర్చోలేదు.

మర్నాడే మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాను. ఈసారి మామూలు చీరలోనే. పాత పేరే ఉంచండి, ఆమెకు అదే ఇష్టం అని చెప్పాను. మామా నన్ను పైకీ కిందకీ చూసింది. "మీరు ఏ ఆఫీసు నుంచి వస్తున్నారు?" అంది.

"ఆఫీసు కాదు. చదువుకుంటున్నాను."

"దీనికి చదువుందా?"

ఉందన్నాను. ఆమె ఉయ్యాల కర్ర పట్టుకుని నవ్వసాగింది. లోపలినుంచి అత్తగారు ఏమైందని కేక వేసింది. చెబితే ఆవిడ కూడా నవ్వింది. బె బె తప్పినందుకు ఆవిడ నాకు అరబ్బీలో పెద్ద దీవెన ఇచ్చింది. మూడేళ్ళవాడు సోఫా ఎక్కి కడప ఆవిడ తండ్రి పేరును గొంతెత్తి నాలుగుసార్లు పిలిచాడు. ఆమె వంటింట్లోంచి "వస్తాండా నాయనా" అంటూ వచ్చింది.

ఆ ఫీల్డ్‌వర్క్ చివరి నెలలో సూపర్‌వైజర్ మా సమావేశం చూడటానికి స్వయంగా వచ్చింది. చెప్పులు బయట విప్పి, కుర్చీ వద్దని చాప మీద కూర్చుంది. తనను పేరు పెట్టి పిలవమని వాళ్ళకూ చెప్పింది. నేను తెలుగులో వినిపించాను.

"తప్పండి. కళ్ళు పోతాయండి," అంది గోదావరి ఆవిడ.

"టీచరమ్మా అంటాంలే కా. ఇష్టం ల్యాకుంటే చెప్పమను," అంది కడప ఆవిడ.

అంటే ఏమిటని సూపర్‌వైజర్ నన్ను అడిగింది. చెప్పాను. అమ్మ అన్న మాట తమ భాషలోనూ అదేనంది. ఆవిడకు పెళ్ళి కాలేదని, పిల్లలు లేరని అప్పుడే తెలిసింది. నోటుబుక్కులో ఏదో రాయబోయి, రాయకుండా మూసేసి, "సరే" అంది. టీ అయ్యాక కప్పులు కడుగుతానని లేచింది. కడప ఆవిడ స్పాంజి లాక్కుంది. సూపర్‌వైజర్ మళ్ళీ లాక్కుంది. ఉమ్మడి భాష లేని ఇద్దరు మనుషులు సింకు దగ్గర స్పాంజి కోసం అంతసేపు పెనుగులాడటం నేను ఎక్కడా చూడలేదు. ఒక కప్పు పిడి విరిగింది.

నా మార్కులు మధ్యస్థంగా వచ్చాయి. "వినడం మెరుగుపడింది. అరబిక్ మెరుగుపడాలి" అని కింద రాసింది.

ఎండలు ముదిరేముందు ఒక శుక్రవారం మా బిల్డింగు కింద కారు హారను మోగింది. దిగి చూస్తే మామా. పిల్లాడు ఎంత పెరిగాడో నాకు చూపిద్దామని తెచ్చింది. నాలుగు నెలల వాడు, బూరెబుగ్గలు. వాడి నాన్న తరఫు తాత పేరు పెట్టారట గానీ, వాడు పుట్టిన రోజునుంచీ కడప ఆవిడ బుజ్జోడా బుజ్జోడా అని జోకొట్టడంతో ఇంట్లో అందరికీ అదే అంటుకుంది. "బుజ్జూదా" అని మామా పిలిస్తే వాడు తల తిప్పాడు.

"దీనికి అర్థం ఏమిటి?" అని నన్ను హిందీలో అడిగింది.

బుజ్జోడిని హిందీలో ఎలా చెప్పేది? చిన్నవాడు, ముద్దొచ్చేవాడు, మనవాడు అని మొదలుపెట్టి, ఏదీ సరిపోక ఆగిపోయాను. వాడిని ఎత్తుకున్నాను. వాడు నా చీర తడిపేశాడు. వెనక సీట్లోంచి కడప ఆవిడ పాత తువ్వాలు అందించింది.